ఏ చెట్టు గింజో అడిగి కొనండి

ముందు మీరు అడిగింది క్లుప్తంగా చెప్తాను, మిగతావాళ్లకూ అర్థమవుతుంది. శంకర్‌పల్లి దగ్గర మీకు 20 గుంటల పొలం ఉంది. కాడతో కోసి హైదరాబాద్ బొకే షాపులకు, మండపాలు కట్టేవాళ్లకు ఇచ్చే పూలు పండించాలనుకున్నారు. కంపెనీ హైబ్రిడ్ ప్యాకెట్లు ఖరీదెక్కువ, పైగా నాటు రకాలంటే మీకు ఇష్టం. అందుకని ముగ్గురు చిన్న రైతుల దగ్గర జినియా, ఆస్టర్, కోడిజుట్టు, బొగడబంతి, ముద్దబంతి గింజలు తెప్పించుకుని, ఏప్రిల్ రెండో వారంలో ట్రేలలో వేశారు. ఆస్టర్ ఒక్కటీ మొలవలేదు. బొగడబంతి తొమ్మిది రోజులు చూసి, రాలేదని ట్రేలో మట్టి పారబోశారు. కోడిజుట్టు పలచగా మొలిచి, జానెడు ఎత్తులోనే పువ్వు పెట్టేసింది. జినియాలో సగం ఒంటిరేకవి, అంటే ఒకటే వరస రేకులవి. ముద్దబంతి అని వేస్తే చాలావరకు రేకబంతి వచ్చింది, అందులోనూ ఒక మొక్క నడుం ఎత్తు, ఇంకోటి మోకాలెత్తు. "మేం మోసపోయామా? ఇక కంపెనీ విత్తనమే కొనాలా?" అని అడిగారు.

చూడమ్మా, నేను చేవెళ్ల వైపు 17 ఏళ్లుగా పూలు పండిస్తున్నాను. మొదట్లో ఇవే దెబ్బలు నేనూ తిన్నాను. మీ ఐదు ప్యాకెట్లవీ ఐదు వేరు వేరు కథలు. జినియా, బంతి విషయంలో లోపం గింజ ఇచ్చినవాళ్లది. బొగడబంతి, కోడిజుట్టు విషయంలో మీది. ఆస్టర్‌లో ఇద్దరిదీ. అన్నీ ఒకే గాటన కట్టి "చిన్న రైతుల విత్తనం పనికిరాదు" అనుకోకండి.

ఆస్టర్‌తో మొదలుపెడదాం. మనం మార్కెట్లో ఆస్టర్ అనేది చైనా ఆస్టర్. దాని గింజకు ఆయుష్షు తక్కువ. ఇంట్లో మామూలుగా అల్మరాలో పెడితే ఏడాది తిరిగేసరికి మొలక శాతం బాగా పడిపోతుంది. మీకు వచ్చిన గింజ ఏ నెలలో కోసిందో ఎవరికీ తెలియదు. రెండోది, దానికి చల్లదనం కావాలి. 20, 22 డిగ్రీల దగ్గర హాయిగా మొలుస్తుంది. ఏప్రిల్‌లో మన దగ్గర నీడ వల కింద కూడా ట్రేలో మట్టి కాలుతూ ఉంటుంది. మంచి గింజ అయినా అప్పుడు కష్టమే. పాత గింజకు ఆ ఎండ కూడా తోడైతే ఇంకేం మొలుస్తుంది?

ఆస్టర్‌కు సరైన సమయం ఇప్పుడే, ఈ ఆషాఢంలోనే. వానలు పడి నేల చల్లబడింది. జూలైలో నారు పోస్తే ఆగస్టులో నాటొచ్చు. ఇంకా ఆలస్యం చేస్తే వేరే ఇబ్బంది ఉంది. ఆస్టర్ కాడ సాగాలంటే పగలు పొడుగ్గా ఉండాలి. డిసెంబరులో హైదరాబాద్‌లో పగలు 11 గంటలే. అక్టోబరులో నాటిన మొక్క పువ్వయితే పూస్తుంది గానీ కాడ పొట్టిగా ఉండిపోతుంది. దండకు, విడిపూలకు ఫర్వాలేదు. బొకే షాపువాడు మాత్రం అడుగున్నర కాడ లేనిదే ముట్టుకోడు. ఎత్తు మడుల మీద, అడుగు దూరంలో, నాలుగైదు ఆకుల నారు నాటండి. ఈసారి ఆస్టర్ వేసిన మడిలో మళ్లీ మూడు నాలుగేళ్లు ఆస్టర్ వెయ్యకండి. ఎండు తెగులు శిలీంధ్రం మట్టిలో ఉండిపోతుంది, రెండో ఏడు మొక్కలు మొగ్గ దశలో ఒక పక్క నుంచి వాడిపోతాయి. మేం బావి పక్క మడిలో నీళ్లు దగ్గరని వరసగా రెండేళ్లు వేసి ఆ మడి మొత్తం పోగొట్టుకున్నాం.

విత్తనం కోసమైతే బెంగళూరు దగ్గర హెసరఘట్టలో ఉన్న భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ విడుదల చేసిన కామిని, పూర్ణిమ, శశాంక్ లాంటి రకాలు ఉన్నాయి. మహారాష్ట్ర నుంచి వచ్చిన ఫూలే గణేశ్ రకాలు కూడా రైతుల దగ్గర బాగా తిరుగుతుంటాయి. ఇవి హైబ్రిడ్లు కావు, మన పంట నుంచే గింజ తీసి దాచుకుని మళ్లీ వేసుకోవచ్చు. చిన్న రైతు దగ్గర ఆస్టర్ కొనేటప్పుడు "ఇది ఏ రకం, ఎప్పుడు కోశారు" అని అడిగితే ఈ పేర్లలో ఒకటి వినపడాలి, కోసిన నెల కూడా చెప్పగలగాలి.

బొగడబంతి సంగతి చిన్నదే. దాని గింజ చుట్టూ దూదిలాంటి పొర ఉంటుంది, నీళ్లు లోపలికి వెళ్లడానికి టైం పడుతుంది. 10 నుంచి 15 రోజులు ఆగాలి. మీరు తొమ్మిదో రోజున పారబోశారు. వేసే ముందు ఒక రాత్రి నానబెడితే కొంచెం త్వరపడుతుంది.

కోడిజుట్టు గింజ ఆవగింజ కంటే చిన్నది. నల్లగా, నిగనిగలాడుతూ ఉంటుంది, గ్రాముకు వెయ్యికి పైనే తూగుతుంది. దాన్ని మట్టిలో పూడ్చకూడదు. తడి మట్టి మీద చల్లి, అరచేత్తో మెల్లగా అద్ది, పైన ఒక చిటికెడు సన్న ఇసుక వేస్తే చాలు. మీరు అరంగుళం కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) కప్పానన్నారు, పైకి రాగలిగినవే వచ్చాయి. జానెడులో పువ్వు పెట్టడానికి కారణం ట్రే. ఈ మొక్కకు వేరు ఇరుకైతే, నీళ్లు ఒకసారి తప్పితే, ఇక బతకననుకుని విత్తనం కట్టేసుకుంటుంది. ఆరు వారాలు ట్రేలో ఉంచారు కదా, అదే కారణం. మూడు, నాలుగు వారాలకు నేలలో పెట్టేయాలి. ఎండకు భయం లేదు దానికి, ఎండలోనే ఎదుగుతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. జినియా, బంతి.

మీకు బంతి గింజ ఇచ్చిన రైతు బహుశా అబద్ధం చెప్పలేదు. తన పొలంలో ముద్దబంతే పూసి ఉంటుంది. కానీ అది నర్సరీ నుంచి తెచ్చిన హైబ్రిడ్ నారు అయి ఉంటుంది. మన ప్రాంతంలో దసరా బంతి చాలా వరకు అదే. హైబ్రిడ్ అంటే రెండు వేరు వేరు శుద్ధమైన వంశాలను కలిపి తీసిన మొదటి తరం. అవన్నీ అచ్చు గుద్దినట్టు ఒకే ఎత్తు, ఒకే పువ్వు. ఆ పువ్వు గింజ తీసి వేస్తే రెండో తరంలో తాతల గుణాలన్నీ విడిపోయి బయటపడతాయి. ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఒకటి ముద్ద, ఒకటి రేక. మీ మడిలో కనపడుతున్నది సరిగ్గా అదే. హైబ్రిడ్ నుంచి తీసిన గింజను నాటు విత్తనం అనకూడదు. ఆ తేడా చెప్పకుండా అమ్మడం వాళ్ల తప్పు, తెలియక చేసినా సరే.

జినియాలో సగం ఒంటిరేకవి రావడానికి కారణం ఇంకోటి. చాలామంది ఆలోచించని విషయం ఇది. ఒక ఒంటిరేక జినియా, ఒక ముద్ద జినియా పక్కపక్కన పెట్టుకుని చూడండి. ఒంటిరేక పువ్వు మధ్యలో పెద్ద గుండె, దాని చుట్టూ నక్షత్రాల్లా చిన్న పసుపు పూలు. పుప్పొడి అక్కడే ఉంటుంది, తేనెటీగలు, సీతాకోకచిలుకలు వాలేదీ అక్కడే. గింజ కూడా దండిగా కడుతుంది. ముద్ద పువ్వులో ఆ పసుపు నక్షత్రాలు కొన్నే, గింజా కొంచెమే. ఇప్పుడు ఒక రైతు సీజను చివర మడిలో ఎండిన పూలన్నీ గంపకెత్తి, నలిపి, చెరిగి, గింజ తీశాడనుకోండి. ఆ గంపలో ఎక్కువ గింజ ఎవరిది? ఒంటిరేక మొక్కలదే. ఏటా ఇలాగే చేస్తే నాలుగైదేళ్లకు ఎంత మంచి రకమైనా ఒంటిరేకకు దిగిపోతుంది. బంతిలోనూ ఇంతే, ఏరకుండా గంపకెత్తితే ఏటా రేకబంతి పెరుగుతూ పోతుంది.

ఇంకో సంగతి. సీజను చివర మిగిలిన పూలంటే ఏమిటి? మంచి పూలన్నీ మార్కెట్‌కు వెళ్లిపోయాయి. ముందు పూసినవి, పెద్దవి, కాడ పొడుగువి అన్నీ అమ్ముడుపోయాయి. మిగిలినవి ఆలస్యంగా పూసినవి, బూడిద తెగులు పట్టినవి, ఎవరూ కొననివి. వాటి గింజే వచ్చే ఏటికి విత్తనం. మనం తెలియకుండానే చెడ్డదాన్ని ఏరి దాచుకుంటున్నాం.

మా అత్తమ్మ చదువుకోలేదు గానీ ఈ సంగతి ఆమెకు తెలుసు. బంతి తోట పూతకు రాగానే పొద్దున్నే సాళ్లలో తిరిగేది. ఏదో ఒక మొక్క దగ్గర ఆగి, పువ్వును కింద నుంచి రెండు వేళ్లతో ఎత్తి చూసేది, కాడను కొంచెం వంచి చూసేది. నచ్చితే చీర కొంగుకు ముడేసి తెచ్చుకున్న ఎర్ర దారం తీసి ఆ మొక్క మొదట్లో కట్టేది. "ఈ చెట్టు మీద చెయ్యి వేయొద్దు" అని కోసేవాళ్లందరికీ గట్టిగా చెప్పేది. దసరా ముందు రోజు పువ్వు ధర ఆకాశంలో ఉన్నప్పుడు కూడా ఆ దారం కట్టిన మొక్కల పూలు తెంపనిచ్చేది కాదు. మా ఆయన గొణుగుతుండేవాడు. నేను కూడా కొత్తలో అనుకున్నాను, కిలోల కొద్దీ పువ్వు వదిలేస్తోంది అని. ఆమె పోయాక రెండేళ్లు మేం దారం కట్టలేదు. మూడో ఏడు తోట చూస్తే అర్థమైంది ఆమె వదిలేసింది ఏమిటో. ఇప్పుడు మా ఇంట్లో ఎర్ర దారం ఉండ పూజ గూట్లోనే ఉంటుంది.

అందుకే అంటున్నాను, చిన్న రైతు దగ్గర గింజ కొనడమంటే అతని ఎంపికను కొనడం. ఆ ఎంపిక ఉందా లేదా అనేది ప్యాకెట్ మీద ఫొటో చెప్పదు. ఫోన్ చేసి మాట్లాడితే తెలుస్తుంది. నేను ఇప్పటికీ కొనే ముందు ఇవే అడుగుతాను. విత్తనం కోసం మొక్కలు విడిగా గుర్తుపెట్టారా, లేక చివర్లో మిగిలినవి తీశారా? ఎన్ని మొక్కల నుంచి తీశారు? ఆ ఏడు పక్కన అదే పువ్వు వేరే రంగుది వేశారా? మొదట మీరు తెచ్చింది హైబ్రిడ్ నారా? ఏ నెలలో కోశారు, ఎలా ఆరబెట్టారు, ఎక్కడ దాచారు? నిజంగా విత్తనం చేసే రైతు ఈ ప్రశ్నలకు విసుక్కోడు. అడిగేవాళ్లు దొరికారని సంతోషపడి గంటసేపు చెప్తాడు. తన మడిలో ఏ మొక్కను ఎందుకు పీకేశాడో కూడా చెప్తాడు. "అన్నీ మంచివేనమ్మా, నూటికి నూరు మొలుస్తాయి" అని ఒక్క మాటతో ముగించేవాళ్ల దగ్గర నేను కొనను.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండటం మంచిది. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టంలో 39వ సెక్షన్ ప్రకారం రైతు తన పంట గింజను దాచుకోవచ్చు, విత్తుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు. రక్షణ పొందిన రకమైనా సరే. బ్రాండ్ వేసి మాత్రం అమ్మకూడదు. కాబట్టి చిన్న రైతు ఇచ్చే సాదా కవరు చట్టవిరుద్ధమేమీ కాదు. కాకపోతే కంపెనీ ప్యాకెట్ మీద మొలక శాతం, పరీక్ష తేదీ, గడువు అచ్చేసి ఉంటాయి, ఈ సాదా కవరు మీద ఉండవు. ఆ పని మనమే చేసుకోవాలి.

ఎలాగంటే, కవరు రాగానే 25 గింజలు లెక్కపెట్టి తీయండి. తడిపి పిండిన నూలు గుడ్డలో వరసగా పేర్చి, చుట్టి, మూత ఉన్న డబ్బాలో నీడన పెట్టండి. గుడ్డ తడిగా ఉండాలి, నీళ్లు కారకూడదు. జినియా 4, 5 రోజులకు, బంతి వారానికి, ఆస్టర్ 10 రోజులకు, బొగడబంతి రెండు వారాలకు విప్పి చూడండి. 25లో 17 మొలిస్తే 68 శాతం. ఆ లెక్కన ఎంత ఎక్కువ పోయాలో తెలుస్తుంది. సగం కూడా రాకపోతే ఆ రైతుకు ఫొటో పంపి మర్యాదగా చెప్పండి. మంచివాళ్లు వేరే గింజ పంపుతారు, నాకు రెండుసార్లు పంపారు. బంతి గింజకైతే ఇంకో చిన్న పరీక్ష ఉంది. నల్లని సూదిలా ఉండి, చివర గడ్డిరంగు తోక ఉంటుంది. నల్ల భాగాన్ని గోటితో నొక్కితే గట్టిగా తగలాలి. మెత్తగా వంగిపోతే అది తాలు.

ఇప్పుడు మీ మడిలో నిలబడి ఉన్న వాటి గురించి. దయచేసి దున్నేయకండి.

బంతిని విత్తనానికి వాడొద్దు, విడిపూలుగా కోసి అమ్మేయండి. రేకబంతి బతుకమ్మకు, గుమ్మానికి పనికొస్తుంది. వచ్చే ఏటికి గింజ తీసి దాచుకోగలిగే బంతి కావాలంటే పూసా నారంగి, పూసా బసంతి లాంటి హైబ్రిడ్ కాని రకాలు తెచ్చుకోండి.

జినియా మాత్రం మీకు దొరికిన నిధి. సగం ఒంటిరేకవి అన్నారు, అంటే మిగతా సగం ముద్దవి ఉన్నాయి. రేపు పొద్దున్నే వెళ్లి ఒంటిరేకవన్నీ వేళ్లతో సహా పీకేయండి. విత్తనం పండించే రైతులు బెరుకులు ఏరడం, కేళీలు ఏరడం అంటారు దీన్ని. నిలబడి పూస్తున్న మొక్కను పీకాలంటే చెయ్యి రాదు, నాకూ రాదు. కానీ అది ఉన్నన్నాళ్లూ తేనెటీగ దాని పుప్పొడిని ముద్ద పువ్వుకు మోస్తూనే ఉంటుంది. పీకేశాక ఇప్పటికే పూసి ఉన్న ముద్ద పూలన్నీ కోసి అమ్మేయండి, అవి ఈపాటికే కలిసిపోయి ఉంటాయి. ఆ తర్వాత వచ్చే పూల నుంచే గింజ. మొక్కల్లో ఆకు మచ్చ లేనివి, బూడిద తెగులు ఆలస్యంగా తగిలినవి, కాడ గట్టిగా నిలబడేవి చూసి దారం కట్టండి. ఆకు మచ్చ గింజతో పాటే వచ్చే ఏటికి వస్తుంది, కాబట్టి మచ్చ ఉన్న మొక్క పువ్వు ఎంత అందంగా ఉన్నా వద్దు. కనీసం 20, 25 మొక్కల నుంచి తీయండి. రెండు మూడు మొక్కల నుంచే తీస్తూ పోతే కొన్ని తరాలకు పంట నీరసిస్తుంది.

రంగులు విడదీయాలని మాత్రం ఇప్పుడే తాపత్రయపడకండి. జినియా రంగులు కలవకుండా ఉండాలంటే వేర్పాటు దూరం వందల మీటర్లు కావాలి, 20 గుంటల్లో అది జరిగే పని కాదు. మా పద్ధతి ఏమిటంటే ఏటా ఒకే రంగు వెయ్యడం. లేదంటే రంగు వదిలేసి, రూపం, కాడ మాత్రమే చూసి ఏరడం. కలగలుపు రంగుల కట్టలు బొకే షాపులు సంతోషంగానే తీసుకుంటాయి. ఆస్టర్ అయితే చాలావరకు తన పువ్వులో తానే గింజ కట్టుకుంటుంది, పక్క రంగుతో కలవడం తక్కువ. అందుకే గింజ తీసి దాచుకోవడం నేర్చుకోవాలనుకునేవాళ్లకు ఆస్టర్‌తోనే మొదలుపెట్టమంటాను. దాచడం ఒక్కటే కష్టం దాంతో.

దాచడం గురించి. గింజకు శత్రువులు తేమ, వేడి. హ్యారింగ్టన్ అనే విత్తన శాస్త్రవేత్త చెప్పిన లెక్క ఒకటుంది. గింజలో తేమ ఒక్క శాతం తగ్గిస్తే ఆయుష్షు రెట్టింపు అవుతుంది, దాచిన చోట వేడి 5 డిగ్రీలు తగ్గిస్తే మళ్లీ రెట్టింపు. ఉజ్జాయింపు లెక్కే గానీ ఆచరణలో బాగా పనిచేస్తుంది. పువ్వు మొక్క మీదే గోధుమ రంగుకు తిరిగి, కాడ విరిస్తే పుటుక్కుమనేదాకా ఆగండి. కోసి, గుడ్డ మీద నీడలో వారం ఆరబెట్టండి. ఎర్రటి ఎండలో డాబా మీద వద్దు. తర్వాత కాగితం కవర్లలో వేసి, పేరు, నెల, ఏ మడి, ఎన్ని మొక్కలు అన్నీ రాసి, గట్టి మూత ఉన్న స్టీలు డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో పెట్టి, ఫ్రిజ్ కింది అరలో ఉంచండి. డబ్బా తీసినప్పుడు గది వేడికి వచ్చేదాకా మూత తెరవొద్దు, తెరిస్తే గింజల మీద చెమ్మ పడుతుంది. ప్లాస్టిక్ కవర్లో కట్టి వంటింట్లో పెట్టిన గింజ ఒక్క వానాకాలానికే చచ్చిపోతుంది. మీకు వచ్చిన ఆస్టర్‌కు కూడా అదే జరిగి ఉండొచ్చు.

కోత గురించి మీరు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను, ఎంత మంచి గింజ వేసినా ఇక్కడే చాలామంది పాడు చేసుకుంటారు. జినియా అడుగు ఎత్తు వచ్చినప్పుడు మూడు జతల ఆకులు ఉంచి తల తుంచేయండి, పక్క కొమ్మలు పొడుగ్గా వస్తాయి. మీ మొక్కలు ఆ దశ దాటిపోయాయి కాబట్టి మొదటి పువ్వునే బాగా కింద నుంచి కోయండి. పువ్వు కోతకు వచ్చిందో లేదో కంటితో తెలియదు. పువ్వు కింద జానెడు దూరంలో కాడను పట్టుకుని మెల్లగా ఊపండి. కాడ కర్రలా నిలబడి పువ్వుతో పాటే కదిలితే కోయొచ్చు. మెడ తోటకూర కాడలా వాలిపోతే ఇంకో రెండు రోజులు ఆగాలి, అప్పుడు కోస్తే బకెట్లో పెట్టినా తల వాల్చేస్తుంది. మొగ్గగా కోస్తే తర్వాత విచ్చుకోదు. ఆస్టర్ అలా కాదు, బయటి రెండు మూడు వరసల రేకులు విచ్చుకోగానే కోయాలి.

కోత తెల్లవారకముందే. చేతిలో కట్టలు పట్టుకుని తిరగకుండా బకెట్ సాల్లోకే తీసుకెళ్లండి. నీళ్లలో మునిగే ఆకులన్నీ దూసేయండి. జినియా కాడ నీళ్లను త్వరగా పాడు చేస్తుంది, ఆ మురికి కాడ రంధ్రాలను మూసేస్తుంది, షాపులో రెండో రోజే వాడిపోతుంది. బకెట్‌ను రోజూ సబ్బుతో తోమాలి, అన్నం గిన్నె తోమినట్టు. ఇంకోటి, జినియాను చల్లని గదిలో పెట్టకండి. 4 డిగ్రీల దగ్గర రేకులు దెబ్బతింటాయి. షాపువాళ్లకు కూడా ఈ మాట చెప్పండి, గులాబీలతో పాటు కూలర్లో పెట్టి తర్వాత మన పువ్వును తిడతారు.

కంపెనీ విత్తనానికే వెళ్లాలా అన్న ప్రశ్నకు నా జవాబు ఇది. రెండూ వేయండి, ఏది ఎక్కడో తెలుసుకుని వేయండి. ఒప్పుకున్న ఆర్డరు ఉంటే దానికి పరీక్షించని గింజను నమ్ముకోవద్దు. ఒక ఏడు మాఘమాసం పెళ్లికి తెల్ల ఆస్టర్ ఇస్తామని మాటిచ్చాం. తెలిసినవాళ్ల ద్వారా వచ్చిన కవరు, పైన "తెలుపు" అని రాసి ఉంది, ముందొక మడిలో వేసి చూడలేదు. మొగ్గలు విచ్చుకునేసరికి మూడో వంతు ఊదా రంగు. ఉన్న తెల్లవి సరిపోలేదు. అర్ధరాత్రి హైదరాబాద్ గుడిమల్కాపూర్ పూల మార్కెట్ తెరిచేదాకా గేటు దగ్గర నిలబడి, అడిగిన ధరకు చామంతి కొనిచ్చాం. ఆ మండపం ఆయన మళ్లీ మాకు ఫోన్ చెయ్యలేదు. గింజ ఇచ్చినాయన మీద కోపం వచ్చింది గానీ, ముందుగా వేసి చూడకుండా మాటిచ్చింది మేమే కదా.

కాబట్టి ఈ ఏడు మీ 20 గుంటల్లో 15 గుంటలు మీ చేతికి అలవాటైన పంట, అమ్ముడుపోతుందని తెలిసిన పంట ఉండనివ్వండి. దసరా, దీపావళి బంతి హైబ్రిడ్ నారే తెచ్చుకోండి, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. మూడు గుంటల్లో జినియా, ఆస్టర్, కోడిజుట్టు మీరు ఏరిన గింజతో, లేదా అడిగి, పరీక్షించి కొన్న గింజతో. మిగతా రెండు గుంటలు కొత్త గింజల పరీక్షకు, ఒక్కో రకం 30 మొక్కలు చాలు. పంచాంగం దగ్గర పెట్టుకుని నారు పోయండి. ఆషాఢం, భాద్రపదం, పుష్యం, మూఢాల్లో పెళ్లిళ్లు ఉండవు, అప్పుడు కాడపూలు ఎంత బాగా పూసినా అడిగేవాళ్లు తక్కువ. శ్రావణం, కార్తీకం, మాఘం, ఫాల్గుణం లెక్క చూసుకుని వెనక్కి రోజులు లెక్కపెట్టండి. జినియాకు రెండు నెలలు, ఆస్టర్‌కు నారుతో కలిపి నాలుగు నెలల దాకా.

గునుగు సంగతి కూడా గుర్తుపెట్టుకోండి. మీ చేను గట్ల మీద భాద్రపదంలో తెల్లగా, కొంచెం గులాబీ రంగు కొసతో పూస్తుంది కదా, అది కోడిజుట్టుకు చుట్టమే. గడ్డిమందులు కొట్టీ కొట్టీ చాలా ఊళ్లలో కరువైపోయింది, బతుకమ్మకు కొనుక్కుంటున్నారు. బొకేలో పెద్ద పూల మధ్య అది ఎంత అందంగా ఉంటుందో కట్టి చూడండి. ఎండినా రాలదు. దాని గింజ ఎవరి దగ్గరా కొనక్కర్లేదు, ఒక గట్టు మందు కొట్టకుండా వదిలేస్తే చాలు.

చివరగా ఒక పని చేయండి. ఏప్రిల్‌లో ఆ బొగడబంతి ట్రే మట్టి ఎక్కడ పారబోశారో గుర్తుందా? వానలు పడి నెల దాటింది. వెళ్లి చూడండి, ఎదురెదురుగా రెండేసి ఆకులు, సన్నని తెల్ల నూగు, కొంచెం ఎర్ర కాడ ఉన్న చిన్న మొక్కలు కనపడితే అవి కలుపు మొక్కలు కావు. సాయంత్రం పూట వేరు మట్టితో సహా ఎత్తి, అడుగు దూరంలో నాటేయండి.